స్నానాల గదికి కొత్త నేల

ఇల్లు బాగుచేయించుకోదలచిన గృహస్థు మొదట ముందుగది గురించి ఆలోచిస్తాడు, ఆ పైన వంటగది గురించి. స్నానాల గది వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు, మనసులో ఓపిక రెండూ అడుగంటి ఉంటాయి. గోడలకు మెరిసే టైల్స్, అద్దం మీద ఒక దీపం, కొత్త కుళాయిలు, వీటితో సరిపెట్టి కాళ్లకింది నేలను మాత్రం పాతదానినే ఉంచేయడం పరిపాటి. నిజానికి ఆ గదిలో ప్రతిదినం నీటిని ఎదుర్కొనేది గోడలకంటె ఎక్కువగా నేలే.

అంతస్తుల భవనాలలో నివసించేవారికి ఇది మరీ ముఖ్యం. మన నేల మరొకరికి పైకప్పు. మన గదిలో సన్నని బీట పడితే కింది ఇంట్లో మరక కనిపిస్తుంది. టౌన్‌షిప్ క్వార్టర్లలో ఉండే మన కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే షిఫ్టులో పక్కపక్కన పనిచేసే ఇద్దరి నడుమ మాటలు కరవు కావడానికి పైనుంచి కారే నాలుగు చుక్కలు చాలు.

స్నానం చేసే చోటు నుంచి నీటిని క్షేమంగా బయటకు పంపడమెలా అన్న చింత మన ఉపఖండంలో కొత్తది కాదు. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మొహెంజొదారో నగరపు ఇళ్లలో, ఇటుకలను సందు లేకుండా పేర్చి, ఒక మూలకు వాలుగా కట్టిన స్నానపు గద్దెలు బయటపడ్డాయి. ఆ నీరు కాలువ ద్వారా వీధి మురుగుకాలువలో కలిసేది. అక్కడి మహాస్నానవాటిక ఇంచుమించు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, దాదాపు రెండున్నర మీటర్ల లోతు గలది. నీరు ఇంకిపోకుండా ఇటుకల నడుమ జిప్సం గార వాడి, గోడల వెనుక తారువంటి పదార్థాన్ని మందంగా పూశారు. నేడు మనం వాటర్‌ప్రూఫింగ్ అని పిలుచుకునే పని అదే.

మన పల్లెల్లో ఉపాయం వేరు. దొడ్డిలోనో, కొన్ని ప్రాంతాలవారు జాలారి, జాలాడి అని పిలిచే మూలలోనో ఒక పెద్ద బండను కాస్త వాలుగా పరచి, దాని అంచున తూము పెట్టేవారు. కడప బండ కానివ్వండి, షాబాదు బండ కానివ్వండి, తాండూరు బండ కానివ్వండి, నీళ్లు పడే మేరకంతా ఒక్కటే బండ. అతుకు లేదు గనుక నీరు దిగే సందూ లేదు. నేటి ‘షవర్ ట్రే’ ఆ బండకు కొత్త రూపమని మా అభిప్రాయం. ఫైర్‌క్లేతోనో, యాక్రిలిక్‌తోనో, రాతిపొడిని రెజిన్‌తో కలిపి పోతపోసో చేసిన లోతు తక్కువ పళ్లెం అది. చుట్టూ చిన్న గట్టు, ఒకచోట తూముకు రంధ్రం. అది బీటవారినప్పుడు సరిపోయే మరొకదానిని వెదకడం ఎంతటి పనో మాకు అనుభవమయింది. పాఠకులకు పనికివస్తుందని ఆ వివరాలు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

హైదరాబాదులోని మా ఫ్లాటు పాత అపార్టుమెంటులో రెండవ అంతస్తున ఉంది. మునుపటి యజమాని అమర్చుకున్న ఫైబర్ ట్రే మీద నిలబడితే కిర్రుమనేది. కొన్నాళ్లకు తూము చుట్టూ వెంట్రుకవాసి బీట కనిపించింది. కింది అంతస్తులో ఉండే విశ్రాంత ఉపాధ్యాయిని ఒకనాటి సాయంత్రం వచ్చి, “ఏమ్మా, ఏమీ అనుకోకండి. మా పడకగది గోడకు చెమ్మ దిగుతోంది. ఒకసారి వచ్చి చూసివెళ్లండి” అన్నారు. ఆమె అంత మెత్తగా చెప్పారు కాబట్టే మాకు మరింత తొందర కలిగింది.

చెమ్మ కనిపించగానే నేల పగలగొట్టించడం తగదు. నీరు మూడు చోట్ల నుంచి రావచ్చు. కుళాయిలకు నీరు తెచ్చే గొట్టం నుంచి, మురుగు తీసుకుపోయే గొట్టం నుంచి, లేదా నేల నుంచి. రెండు మూడు రోజులు ఆ గదిలో స్నానం మానివేసినా తడి ఆరకుండా పెరుగుతూనే ఉంటే ముందు కుళాయి గొట్టాన్ని అనుమానించాలి. స్నానాలు మానితే తగ్గి, మొదలుపెడితే పెరుగుతుంటే తప్పు నేలదో, మురుగు గొట్టానిదో అయి ఉండాలి. కొందరు మేస్త్రీలు నిలువ ఉంచిన నీటిలో బట్టల నీలిమందు కలిపి, ఆ రంగు కింద కనిపిస్తుందేమోనని చూస్తారు. రంగు కనిపిస్తే సందేహం తీరినట్లే. కనిపించకపోయినంత మాత్రాన నేల గట్టిగా ఉన్నదని నమ్మకూడదు, నడుమ ఉన్న ఇటుక ముక్కలు రంగును పట్టి ఉంచవచ్చు. మా ఇంట స్నానాలు మానిన నాలుగవ రోజుకు కింది గోడ తడి తగ్గుముఖం పట్టింది. ట్రే మార్చక తప్పదని తేలింది.

ఇక కొలతలు. పాత ట్రే సరిగ్గా మూడు అడుగుల చదరం, అంటే 914 మి.మీ. నేడు దుకాణాలలో దొరికేవి 900 మి.మీ. చదరంవి. మన దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చింది 1956లో. అయినా ఇళ్ల లోపలి కొలతలు మాత్రం మేస్త్రీల నోట అడుగులు, అంగుళాలలోనే నిలిచిపోయాయి. ఆ రెండు లెక్కలకూ నడుమ ఉన్న 14 మి.మీ. సందే పాత ట్రేకు బదులు వెదికేవారిని మొదట వెక్కిరిస్తుంది. అంత సందును సిలికాన్ సీలెంటుతో నింపితే నిలవదు. ట్రేను ఒక గోడకు జరిపి, రెండవ వైపు గోడను ప్లాస్టరుతో కాస్త మందం చేసి, టైల్స్ అంచు ట్రే గట్టు మీదికి దిగేలా అమర్చవలసి ఉంటుంది. పైనుంచి జారిన నీరు అప్పుడే ట్రేలో పడుతుంది, దాని వెనుకకు పోదు. పాత ట్రే తీయాలన్నా అడుగు వరుస టైల్స్ ఊడదీయక తప్పదు. అవే రంగు, అవే కొలతవి మళ్లీ దొరకడం దుర్లభం. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన 8 × 12 అంగుళాల తెల్ల టైల్స్ కోసం ఇప్పుడు గోడౌనుల వెనుక భాగాలలో వెదకవలసిందే.

కొలతల సంగతి ఎలా ఉన్నా, అసలు చిక్కు తూము దగ్గర ఉంది. ట్రే అంగుళం చిన్నదయితే గోడను సర్దవచ్చు. రంధ్రం మరొక చోట ఉంటే మాత్రం కింద ఉన్న గొట్టాన్నే జరపాలి, అంటే నేల మొత్తం తవ్వాలి. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు ఒక పాత క్యాలెండరు కాగితాలను అతికించి, వెనుక తెల్లని వైపు ట్రే ఆకారాన్ని అసలు కొలతలో గీసి, తూము నడిమి బిందువును గుర్తించుకున్నాము. మా తూము ఒక గోడ పక్కన, దాని మధ్యకు ఉన్నది. ఆ చుట్టను చంకన పెట్టుకుని ట్రూప్ బజారులో దుకాణం దుకాణం తిరిగాము. తూము మూలన ఉన్నవి, నట్టనడుమ ఉన్నవి చాలా కనిపించాయి. మాకు కావలసినది నాలుగవ దుకాణంలో దొరికింది. కాగితం పరచి చూస్తే రంధ్రం గుర్తు మీదికి వచ్చి కూర్చుంది. దుకాణదారు కూడా ముచ్చటపడి, “అందరూ ఇట్లా కొలత తెచ్చుకుంటే మాకు వాపసు బాధ ఉండదు సార్” అన్నాడు.

అయినా ఆ ట్రే మేము కొనలేదు. దాని గట్టు ఎత్తు నాలుగు అంగుళాలకు పైగా ఉంది. మా ఇంట డెబ్బయ్యెనిమిదేళ్ల అమ్మగారు ఉన్నారు. తడి కాలితో ఆ గట్టు దాటడం ఆమెకు ప్రతి ఉదయమూ ఒక గండం. గట్టు లేనంత పలుచని ట్రేలు ఉన్నమాట నిజమే కాని, వాటికి మురుగు మెలిక గొట్టం పూర్తిగా నేలలోనే ఇమడాలి. ఎలాగూ నేల తవ్వవలసినదే. మరొక సంగతి, ట్రే షవరు కింద నిలబడి స్నానం చేసేవారికోసం పుట్టిన వస్తువు. బకెట్టు, చెంబు, పీట పెట్టుకుని కూర్చుని స్నానం చేసే ఇంట మూడడుగుల పళ్లెంలో మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? దుకాణంలోనే ఒక పీట అడిగి తీసుకుని, అమ్మగారిని ఆ ట్రేలో కూర్చోబెట్టి చూశాము. ఆమె చుట్టూ చూసి, “ఇందులో నేను పడితే బకెట్టు పట్టదు, బకెట్టు పడితే నేను పట్టను” అన్నారు. ట్రే వెదుకులాట అక్కడితో ముగిసింది. గదంతా ఒకే మట్టంలో, తూమువైపు వాలుగా, గట్టు లేని టైల్స్ నేల వేయించాలని నిశ్చయించాము.

నేల తవ్విన రోజున మేస్త్రీ మమ్మల్ని పిలిచి చూపించాడు. స్నానాల గది కింద శ్లాబును అడుగు నుంచి అడుగున్నర వరకు దించి పోయడం ఆనవాయితీ. ఆ గుంటలో గొట్టాలు పరచి, మిగిలిన చోటును ఇటుక ముక్కలతో నింపుతారు. అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల గదిలో అది అర ఘనపు మీటరుకు పైగా ఉంటుంది. అందులో పదోవంతు ఖాళీ అనుకున్నా, యాభై లీటర్ల నీరు ఎవరి కంటా పడకుండా నిలువ ఉండగలదు. మా ఇంట పై పొర పొడిగానే ఉంది. జానెడు లోతున ఇటుకలు నానిన అటుకుల్లా చేతికి వచ్చాయి. కిర్రుమన్న చప్పుడుకు కారణమూ తెలిసింది. ట్రే అడుగున గార పరుపు నాలుగు మూలలే ఉంది, నడుమ అంతా డొల్ల. మనిషి బరువుకు ప్రతిసారీ వంగి వంగి, తూము దగ్గర పగిలింది. ట్రే పెట్టించుకునేవారు దాని కింద గార పూర్తిగా పరిపించాలి, ఆరిన తరువాత వేలి కణుపుతో తట్టి చూడాలి. డొల్ల చప్పుడు వస్తే డబ్బు చెల్లించవద్దు.

గుంటను శుభ్రం చేసి, శ్లాబు మీద, గోడల మీద అడుగు ఎత్తు వరకు, షవరు ఉన్న గోడకు అంతకంటె పైకి, వాటర్‌ప్రూఫ్ పూతను ఒకదానికి అడ్డంగా మరొకటి రెండు సార్లు వేయించాము. నేలా గోడా కలిసే మూలలను, తూము చుట్టునూ దగ్గర కూర్చుని చూసుకున్నాము, నీరు వెదకేది ఆ చోట్లనే. అటు పిమ్మట తూము బిగించి, గుంటలో అంగుళం మేర నీరు నిలిపి రెండు రోజులు ఉంచాము. ఇంత గదికి అది దాదాపు 47 లీటర్లు, సుమారు మూడు బకెట్లు. మేస్త్రీకి ఆ రెండు రోజులు పనిలేని రోజులు కాబట్టి ఈ పరీక్ష అంటే అతనికి విసుగు. ఆ కూలి మనమే ఇచ్చినా సరే, టైల్స్ వేయకముందే ఈ పరీక్ష జరగాలి. టైల్స్ వేసిన తరువాత లోపం తేలితే వాటినీ పగలగొట్టవలసి వస్తుంది. రెండవ రోజు సాయంత్రం కింది ఉపాధ్యాయినిగారే తమ పైకప్పును టార్చిలైటు వేసి పరీక్షించి, పొడిగా ఉన్నదని కబురు చేశారు.

వాలు అడుగుకు పావు అంగుళం చొప్పున పెట్టించాము. అయిదడుగులకు అంగుళంపావు. అంతకు తగ్గితే నీరు నిలుస్తుంది, మరీ పెరిగితే పీట ఒరుగుతుంది. టైల్స్ విషయంలో నిగనిగలాడేవాటిని చూసి మోసపోరాదు. జర్మనీ ప్రమాణాలలో చెప్పులతో నడిచే చోట్లకు ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు, తడి పాదాలతో నడిచే చోట్లకు ఎ, బి, సి అని జారుడు నిరోధానికి శ్రేణులున్నాయి. సి అన్నిటికంటె పట్టుగలది. కొన్ని టైల్స్ పెట్టెల మీద ఈ గుర్తులు కనిపిస్తాయి. చిన్న టైల్స్ వాలుకు చక్కగా ఒదుగుతాయి, కాలికి పట్టూ ఇస్తాయి. అయితే టైలు చిన్నదయిన కొద్దీ అతుకులు పెరుగుతాయి. అందుచేత సందులను సిమెంటుతో కాక ఎపాక్సీతో నింపించాము. ఖర్చు హెచ్చు, కాని ఆ ఒక్క చోట పొదుపు చేయబుద్ధి కాలేదు. అమ్మగారి కోసం గోడకు ఒక స్టీలు పట్టుకమ్మీ బిగించే చోటును టైల్స్ వేయకముందే గుర్తించి గట్టి చేయించాము.

కింది ఇంటి గోడకు వెంటనే రంగు వేయిస్తామన్నాము. ఆమె వద్దన్నారు. చెమ్మ ఉన్న గోడకు రంగు వేస్తే పెచ్చులూడుతుందని ఆమెకు తెలుసు. వానలు వెళ్లి, గోడ పూర్తిగా ఆరిన తరువాత గోకించి, రంగు మేమే వేయించాము.

క్వార్టర్లలో ఉండేవారు సొంతంగా నేల తవ్వించరాదు. చెమ్మ కనిపించిన వెంటనే తేదీ వేసి నిర్వహణ విభాగానికి రాసి ఇవ్వడం, పైవారు కిందివారు కలిసి సంతకం చేయడం మంచిది. సొంత ఇంట నేల వేయించేవారు, గొట్టాలు మూతపడకముందే వాటి ఫొటో తీసి ఉంచుకోవాలి. మిగిలిన టైల్స్‌లో అరడజను, షేడ్ నంబరు ఉన్న అట్టముక్కతో సహా అటక మీద దాచాలి. పాచి వదలడానికి మన ఇళ్లలో విరివిగా వాడే యాసిడ్ సిమెంటు సందులను తినివేస్తుంది. యాక్రిలిక్ ట్రేకు గరుకు పొడులు పనికిరావు. మెత్తని సబ్బు నీరు, బ్రష్షు చాలు.

ఇక ఎల్‌టీసీ మీద నెలరోజులు ఊళ్లు తిరగబోయేవారికి ఒక మాట. తూము కింది నహాని ట్రాపులో సుమారు 50 మి.మీ. నీరు ఎప్పుడూ నిలిచి ఉండి, మురుగు వాసనను, బొద్దింకలను అడ్డుకుంటుంది. వేసవిలో ఇల్లు మూసి ఉంచితే ఆ నీరు ఆరిపోతుంది. తాళంచెవి ఇచ్చి వెళ్లే పొరుగువారిని మొక్కలకు నీళ్లు పోయమని ఎలాగూ అడుగుతాము. వారానికొకసారి తూములోనూ ఒక చెంబెడు పోయమని అదే నోట చెప్పవచ్చు.