ఈవీకి రోడ్ ట్యాక్స్ జీరో.. మరి కొటేషన్‌లో ఆ రూ.6,500 ఏంటి?

పోయిన నెల బాపుకి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుందామని హన్మకొండలో ఒక షోరూమ్‌కి వెళ్లాం. రేంజ్, టాప్ స్పీడ్, ఛార్జింగ్ టైమ్ అన్నీ నేను ముందే బట్టీ పట్టా. బాపు మాత్రం కొటేషన్ పేపర్ ఒక్కటే చూశాడు. కింద ‘రిజిస్ట్రేషన్, హ్యాండ్లింగ్ - రూ.6,500’ అని ఉంది.

"సర్కారు మాఫీ చేసిందంటివి గదరా, మరి ఈ పైసలెందుకు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని రూల్స్ చదివా.

తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 100 శాతం మాఫీ. జీవో నంబర్ 41. గడువు 2026 డిసెంబర్ 31. 2020 పాలసీలో మొదటి 2 లక్షల టూవీలర్లు, 5 వేల సొంత కార్లు అంటూ లిమిట్ ఉండేది. ఇప్పుడు ఎన్ని బండ్లన్న లెక్క లేదు, తేదీ ఒక్కటే లెక్క. కాకపోతే బండి తెలంగాణలోనే కొనాలి, ఇక్కడే రిజిస్టర్ చేయించాలి.

‘లోకల్‌గా తయారైన బండికే మాఫీనా?’ అని చాలామందికి డౌట్. కాదు. మన హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ అయినా, తమిళనాడు ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఓలా, ఏథర్ అయినా ఒకటే రూల్. ఉత్తరప్రదేశ్ రూటు వేరు. అక్కడి 2022 పాలసీలో మొదటి మూడేళ్లు అన్ని ఈవీలకూ మాఫీ, తర్వాతి రెండేళ్లు యూపీలో తయారైన వాటికే. దాని వల్ల ఫ్యాక్టరీలు వస్తాయేమో గానీ, కొనేవాడికి ఛాయిస్ తగ్గుతుంది.

ఇక మిగిలేది ఎంత? మన దగ్గర రూ.50 వేలు దాటిన పెట్రోల్ టూవీలర్‌కి లైఫ్ ట్యాక్స్ 12 శాతం నుంచి మొదలవుతుంది. రూ.90 వేల బండికి రూ.10,800. ఈవీకి అది సున్నా.

ఇంకో విషయం. ఈవీల మీద జీఎస్టీ 5 శాతమే. 350 సీసీ వరకు పెట్రోల్ బండ్లకు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గింది. అంటే జీఎస్టీలో ఈవీకి ఉన్న అడ్వాంటేజ్ సన్నబడింది. అందుకే ఈ రోడ్ ట్యాక్స్ మాఫీకి ఇప్పుడు విలువ ఎక్కువ.

మీరు కొనేముందు రెండు పనులు చేయండి. ఒకటి, కొటేషన్‌ని లైన్ వారీగా రాసివ్వమనండి. ఇన్సూరెన్స్, నంబర్ ప్లేట్ ఖర్చు ఎలాగూ ఉంటుంది, కానీ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పేరుతో పైసా ఉండకూడదు. రెండు, డిసెంబర్ చివరి వారం దాకా ఆగకండి. బుకింగ్ చేసినంత మాత్రాన సరిపోదు, గడువులోపు రిజిస్ట్రేషన్ అయిపోవాలి. డెలివరీ లేటయితే మాఫీ పోయినట్టే.

మర్నాడు మళ్లీ వెళ్లి లైన్ వారీగా అడిగాం. రూ.6,500 కాస్తా రూ.1,200 అయింది.

అయినా బాపు వెంటనే బుక్ చేయలేదు. "ట్యాక్స్ ఒక్కసారే మిగుల్తది. బ్యాటరీ ఖరాబైతే వరంగల్‌ల ఎవడు చేస్తడు?" అన్నాడు. నేను రాసే రివ్యూల్లో ఆ ప్రశ్న ఎప్పుడూ లేదు. ఇకనుంచి మొదటి లైన్‌లోనే ఉంటుంది.