వంటింటి అలమారలకు రంగు

క్రొత్త అలమార చేయించుటకు వ్యయ మెక్కువ. పాతదానికే రంగు వేసికొన్నచో వంటిల్లు క్రొత్త కళ దాల్చును. పని చిన్నదే, కాని పిల్లలున్న యింట నొక సంగతి మరువరాదని మేము తలిదండ్రులకు విన్నవించుచున్నాము.

పాత ఎనామెల్ రంగులలో, ముఖ్యముగా పసుపు, ఎరుపు వన్నెలలో, సీసము కలిసియుండవచ్చును. గీకినపుడు లేచు దుమ్ము పిల్లల చేతులనుండి నోటికి చేరి మెదడు ఎదుగుదలకును, చదువునకును హాని చేయును. ఎంత కొద్దిపాటి సీసమైనను క్షేమకరము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 2017 నవంబరు 1 నుండి ఇండ్ల రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసముండరాదను నిబంధన అమలులోనున్నది. డబ్బాపై ఆ మాట చూచియే కొనవలెను.

మొదట సామాను తీసివేసి, పిడులు, బందులు ఊడదీసి, నూనె జిడ్డును చాకలిసోడా నీటితో కడిగి ఆరనీయవలెను. జిడ్డుపై రంగు నిలువదు. పాత రంగును పొడిగా గీకుటయు, కాల్చుటయు కూడదు. తడిపిన గరుకు కాగితముతో మెరుగు పోవునంత మాత్రమే రుద్ది, తడిగుడ్డతో తుడువవలెను. పగుళ్లలో లప్పము నింపి, ప్రైమరు పూసి, అది ఆరిన పిదప పలుచగా రెండు పూతలు వేయవలెను. కిటికీలు తెరచి, పని ముగియువరకు పిల్లలను దూరముంచవలెను.

వానకాలపు చెమ్మలో రంగు త్వరగా ఆరదు. మన బాబ్లీ ఆనకట్ట తలుపులు 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తియుంచబడును. అవి దిగిన పిమ్మట మన అలమార తలుపులకు పూనుకొనుట మేలు.

బడిలో మేము చెప్పు పాఠము బిడ్డ తలకెక్కవలెనన్న, ఆ తలను ఇంటి దుమ్మునుండి కాపాడుట మొదటి పని.