పిల్ల అన్నం మానేస్తే నకరాలు అనకుండ్రి

"తిననంటే నాలుగు తగిలియ్యి, అదే తింటది." మన ఊర్లల్ల గిదే మాట. మా దిక్కు ఓ పదో తరగతి పిల్లకు దిష్టి తీసిండ్రు, తాయెత్తు గట్టిండ్రు. ఆఖరికి బడిల కండ్లు తిరిగి పడ్డది.

నేను చెప్పేది ఒక్కటే. గది నకరాలు కాదు, రోగం. డాక్టర్లు అనోరెక్సియా అంటరు. ఒళ్లు బొక్కల గూడైనా, అద్దంల సూస్కుంటే లావుగనే ఉన్న అనిపిస్తది. తినాలంటెనే భయం. మొగపిల్లలకు గూడ వస్తది.

అన్నం దాచుడు, ఎండల గూడ చలి అనుడు, జుట్టు రాలుడు, నెలసరి ఆగుడు ఇవి గుర్తులు. కండ్లు తిరిగి పడితే ఆ దినమే దవాఖానకు తీస్కపోవాలె. శానా రోజులు కడుపు మాడినోళ్లకు ఒక్కసారే దండిగ పెట్టొద్దు. రక్తంల ఫాస్ఫేట్ పడిపోయి పాణం మీదికొస్తది. డాక్టర్ చెప్పిన లెక్కనే పెంచాలె.

మరి ఇంట్ల ఏం చెయ్యాలె? 1980ల దశకంల లండన్‌ల మోడ్‌స్లీ దవాఖాన డాక్టర్లు తల్లిదండ్రులనే వైద్యంల భాగం చేసిండ్రు. తప్పు ఎవలదని లొల్లి వద్దు. ఎంత తినాలెనో పెద్దోళ్లే పెట్టాలె, పక్కన కూసోవాలె, తినేదాక ఓపిక పట్టాలె. "లావైనవ్, బక్కగైనవ్" అనే మాటలు ఇంట్ల బంద్ వెట్టాలె.

ఎవలకు చెప్పాల్నో తెల్వకుంటే 14416కు ఫోన్ కొట్టుండ్రి. సర్కారు టెలి మానస్ అది. పైసా ఖర్చు లేదు, తెలుగుల మాట్లాడుతరు. అమ్మానాయినలకు ఈ ముచ్చట తెల్వకపోవచ్చు. ఫోన్ మీ చేతుల ఉన్నది, మీరే చెప్పాలె.