ఊరి చెరువులో చేపపిల్లలు

వానలు పడ్డాయి. వాగులు పారాయి. చెరువు నిండింది. మత్తడి దుంకింది. మత్తడి అన్నా, అలుగు అన్నా ఒకటే. ఇక చెరువులో చేపలు వాటంతట అవే వస్తాయని చాలామంది అనుకుంటారు.

ఇందులో సగమే నిజం. పరిగెలు, జెల్లలు, కొర్రమట్టలు వరదకు ఎదురెక్కి వస్తాయి. చెరువులోనే పిల్లల్ని పెడతాయి. కానీ సంతలో కిలోల లెక్కన అమ్మే బొచ్చె, రవ్వ, మోసు అలా రావు. వాటి పిల్లల్ని ఎవరో ఒకరు తెచ్చి వదలాలి. ఒకసారి వదిలితే చాలదు. ఏటేటా వదలాలి.

నిలవ నీళ్ళలో గుడ్డు విడవని చేప

బొచ్చెను కట్ల అని, రవ్వను రోహు అని, శీలావతి అని కూడా అంటారు. ఈ మూడూ నది చేపలు. వానాకాలంలో నదికి కొత్త నీరు వస్తుంది. ఆ పారే నీళ్ళలోనే ఇవి గుడ్లు విడుస్తాయి. చెరువులో నీళ్ళు నిలిచి ఉంటాయి. అక్కడ ఇవి తింటాయి, పెరుగుతాయి. కడుపులో గుడ్లు కూడా కడతాయి. కానీ విడవవు. అందుకే పట్టిన చేప పట్టినట్టే తరిగిపోతుంది.

బంగారుతీగ అట్లా కాదు. అది బయటి దేశం నుంచి వచ్చిన చేప. నిలవ నీళ్ళలో కూడా నాచుకు, గడ్డికి గుడ్లు అంటించి పోతుంది.

పూర్వం చేపపిల్లలు కావాలంటే నదికే పోవాలి. బెంగాల్ వైపు నదుల్లో పిల్లల్ని పట్టేవాళ్ళు. మట్టి కుండల్లో పోసి రైళ్ళలో దూరప్రాంతాలకు పంపేవాళ్ళు. దారి పొడుగునా కుండల్ని చేత్తో కుదుపుతూ ఉండాలి. కుదిపితేనే నీళ్ళలో గాలి కలుస్తుంది. కునుకు తీస్తే పిల్లలు చచ్చిపోతాయి. పైగా వలలో పడినవి ఏ చేప పిల్లలో గుర్తుపట్టడం కష్టం. మంచి చేపతో పాటు, దాన్ని తినే చేప పిల్ల కూడా వచ్చేది.

1957 జూలై 10న ఈ కష్టానికి దారి దొరికింది. ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. చేప తలలో చిన్న గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథి రసం తీసి, గుడ్లతో ఉన్న చేపకు సూదిమందుగా ఇచ్చారు. నది లేకుండానే చేప గుడ్లు విడిచింది. ఇవాళ చేపపిల్లల కేంద్రాలు నడిచేది ఈ దారినే. మన దేశంలో జూలై 10ని చేప రైతుల దినంగా జరుపుతున్నారు.

చెరువు ఎవరిది?

పిల్లల్ని తేవడానికి ముందే తేల్చుకోవలసిన మాట ఇది. నీళ్ళు ఊరందరివీ. కానీ చేప పట్టే హక్కు వేరు. కొన్ని చెరువులు పంచాయతీ చేతిలో ఉంటాయి. కొన్ని మత్స్యశాఖ చేతిలో ఉంటాయి. చాలాచోట్ల మత్స్య సహకార సంఘం లీజు కట్టి చేపలు పెంచుకుంటుంది. తరతరాలుగా వల మీదనే బతికే కుటుంబాలు ఆ సంఘంలో ఉంటాయి. వాళ్ళను అడగకుండా ఊరివాళ్ళు చందాలు వేసుకుని పిల్లల్ని వదిలితే, చేపలు పెరిగేసరికి తగాదా కూడా పెరుగుతుంది.

ఇంకో సంగతి. వల వేసేది ఎక్కువగా మగవాళ్ళు. గంప ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది ఆడవాళ్ళు. ఎండబెట్టేది ఆడవాళ్ళు. సంఘం పుస్తకంలో మాత్రం చాలా ఊళ్ళలో మగవాళ్ళ పేర్లే కనిపిస్తాయి. ఆడవాళ్ళు సభ్యులు కావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో మహిళల మత్స్య సహకార సంఘాలు కూడా ఉన్నాయి. చదవడం వచ్చినవాళ్ళు ముందుగా ఆ పుస్తకం తెప్పించుకుని పేర్లు చూడటం మంచిది.

శ్రమదానం

పిల్లల్ని వదిలే ముందు చెరువును సిద్ధం చేయాలి. ఈ పని డబ్బుతో కాదు, చేతులతో అయ్యేది. ఇంటికొక మనిషి వస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు తీరుతుంది.

గుర్రపుడెక్కను లాగి కట్ట మీద ఎండబెట్టాలి. అది నీళ్ళను కప్పేస్తే ఎండ లోపలికి పోదు. ఎండ లేకపోతే చేప తినే సన్నటి పాచి, పురుగు పుట్టవు. వల చిక్కుకునే మోడులను తీసేయాలి. మత్తడి దగ్గర, తూము దగ్గర జాలి కట్టాలి. లేకపోతే నీళ్ళు దుంకినప్పుడు చేపలు వాటితోనే పోతాయి. జాలి కన్ను మరీ సన్నగా ఉండకూడదు. చెత్త అడ్డుపడి నీళ్ళు ఎగదన్నితే కట్టకే ముప్పు. వాన కురిసినన్ని రోజులు ఎవరో ఒకరు చెత్త తీస్తూ ఉండాలి.

వాలుగ, కొర్రమట్ట చిన్న పిల్లల్ని మింగేస్తాయి. వీలైనన్ని ముందే పట్టేయాలి. ఊరి చెరువులో వీటిని పూర్తిగా లేకుండా చేయడం జరిగే పని కాదు. అందుకే పెద్ద పిల్లల్ని వదలడం మేలు. వేలెడు పొడుగున్న పిల్ల తప్పించుకుంటుంది. అంగుళం పిల్ల ఒక గుటకకు సరిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువులకు ఉచితంగా చేపపిల్లల్ని ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని నెలలే నీళ్ళుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్ళుండేవాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలని పెట్టుకున్నారు. 40 మిల్లీమీటర్లంటే అంగుళంన్నర. 100 అంటే నాలుగు అంగుళాలు. బడికి పోయే పిల్లల స్కేలు ఒకటి చాలు, కొలిచి చూడటానికి.

ఏ రకం ఎన్ని? బొచ్చె పైనీళ్ళలో తింటుంది. రవ్వ నడిమి నీళ్ళలో తింటుంది. మోసు, బంగారుతీగ అడుగున బురదలో వెతుక్కుంటాయి. ఒకే చేనులో జొన్న, కంది కలిపి వేసినట్టే ఇదీ. ఒకే రకం వదిలితే ఒక చోట కొట్లాట, మిగతా చోట తిండి వృథా. ఎవరైనా ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లల్ని తెస్తే మాత్రం తీసుకోవద్దు. అది దొరికిన చేపనల్లా తింటుంది. దాన్ని పెంచడం మన దేశంలో నిషేధం.

సంతకానికి ముందు లెక్క

ఒక ఊరు అనుకుందాం. చెరువులో 20 ఎకరాల నీళ్ళున్నాయి. ఎకరాకు 1,000 పిల్లలు అనుకుందాం. ఎన్ని వదలాలో చెరువును బట్టి మారుతుంది, మత్స్యశాఖ వాళ్ళు చెప్తారు. ఇక్కడ 20 ఎకరాలకు 20,000 పిల్లలు కావాలి.

బండి వచ్చింది. తెచ్చినవాళ్ళు కాగితం చాపారు. "20,000 తెచ్చినం, సంతకం పెట్టండి" అన్నారు. అత్త పెన్ను అందుకోబోయింది. కోడలు ఆపింది.

"ఆగు అత్తా. లెక్క చూడకుండనే పెడతవా?"

"ఇన్ని పిల్లల్ని ఎవరు లెక్కబెడతరే? పొద్దు గుంకుతది."

"అన్నీ లెక్కబెట్టే పనే లేదు. గిన్నెతోని చూద్దాం."

కోడలు చెప్పింది సరైన పద్ధతే. అడుగున కన్నాలున్న గిన్నె ఒకటి తీసుకోవాలి. నీళ్ళు కారిపోయి పిల్లలే మిగులుతాయి. మామూలు గిన్నె అయితే సగం నీళ్ళే ఉంటాయి, మోసపోతారు. మొదట ఒక గిన్నె, మధ్యలో ఒక గిన్నె, చివర ఒక గిన్నె తీసి పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కబెట్టాలి. లెక్కబెట్టేటప్పుడు వాటిని నీళ్ళున్న బకెట్టులోనే వేయాలి. ఆ ఊళ్ళో మొదటి గిన్నెలో 96, రెండోదాంట్లో 104, మూడోదాంట్లో 100 వచ్చాయి. మూడూ కలిపితే 300. మూడుతో భాగిస్తే గిన్నెకు 100. అంటే 20,000 రావాలంటే 200 గిన్నెలు పోయాలి. ఒక్కో గిన్నెకు ఒక్కో గీత. అయిదు గీతలకు ఒక కట్ట.

గీతలు 150 దగ్గర ఆగిపోయాయి. బండి ఖాళీ. వచ్చింది 15,000. కాగితం మీద 20,000.

తక్కువైన 5,000 అంటే ఎంత? పదింటిలో మూడు బతుకుతాయి అనుకుందాం. 5,000లో 1,500 బతుకుతాయి. ఒక్కోటి అరకిలో పెరిగితే 750 కిలోలు. కిలో 100 రూపాయలు అనుకున్నా 75,000 రూపాయలు. ఒక్క సంతకంతో అంత సొమ్ము పోయేది. అత్త కాగితం మీద "15,000 మాత్రమే ముట్టినవి" అని రాయించి, తేదీ వేసి, అప్పుడు సంతకం పెట్టింది. ఆ కాగితం నకలు ఒకటి సంఘం దగ్గర ఉంచుకోవాలి.

పిల్లలు బాగున్నాయో లేదో చూడటం కూడా తేలిక. బేసిన్‌లో కొన్ని పిల్లల్ని వేసి నీళ్ళను చేత్తో గుండ్రంగా తిప్పాలి. బలంగా ఉన్న పిల్ల ఎదురీదుతుంది. బలం లేనిది నీటితో పాటు కొట్టుకుపోతుంది.

వదిలేటప్పుడు తొందర వద్దు

పిల్లలు ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. సంచిలో కొంచెం నీళ్ళు, మిగతాదంతా ఆక్సిజన్. ఎండలో బండి మీద వచ్చిన సంచి నీళ్ళు వెచ్చగా ఉంటాయి. చెరువు నీళ్ళు చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా కుమ్మరిస్తే పిల్లలు తట్టుకోలేవు. పురిటిబిడ్డకు చన్నీళ్ళు ఎవరు పోస్తారు?

మూతి విప్పకుండానే సంచిని 15, 20 నిమిషాలు చెరువు నీళ్ళ మీద తేలనివ్వాలి. తర్వాత మూతి విప్పి కొద్దికొద్దిగా చెరువు నీళ్ళు లోపలికి పోయాలి. ఆపైన సంచిని పక్కకు వంచి పట్టుకోవాలి. పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ పోతాయి. పొద్దున గానీ, సాయంత్రం గానీ వదలాలి. మిట్టమధ్యాహ్నం వద్దు. ఫోటోల కోసం పైనుంచి ఎత్తి పోయడం కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఫోటో బాగానే వస్తుంది, చేపలే రావు.

ఆ తర్వాత కాపలా

దోమతెర లాంటి సన్న వలలు వేస్తే వేలెడు పిల్లలే పడతాయి. కొన్ని నెలలు ఆగితే కిలో అయ్యేది కూరలో చిటికెడు అవుతుంది. చెరువులో విషం కలపడం, కరెంటు పెట్టడం ఇంకా ఘోరం. ఆ నీళ్ళే పశువులు తాగుతాయి. కరెంటు పెట్టినవాళ్ళే షాక్ కొట్టి చనిపోయిన సంగతులు ఉన్నాయి.

పిల్లలు గాలం వేస్తే మాత్రం చెరువు ఖాళీ కాదు. ఆదివారం పూట తండ్రి, పిల్లలు ఒడ్డున కూర్చుని ఎర్రలు గుచ్చి నాలుగు పరిగెలు పట్టుకుంటే అదొక సంతోషం. కానీ ఎక్కడ కూర్చోవచ్చు, ఏ చేపను తిరిగి నీళ్ళలో వదలాలి అనేది సంఘంతో ముందే మాట్లాడుకుని తీర్మానం పుస్తకంలో రాసుకోవాలి. తూము దగ్గర, లోతున్న దగ్గర పిల్లల్ని కూర్చోనివ్వకూడదు.

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతుంటే ఆపద అని గుర్తు. పాచి, నాచు పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవీ వాడుకుంటాయి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ తరిగిపోతుంది. అప్పుడు పేడ, ఎరువు వేయడం ఆపేయాలి. కొత్త నీళ్ళు వచ్చే వీలుంటే వదలాలి.

ఎండాకాలంలో నీళ్ళు తగ్గుతాయి. సంఘం వలలు దింపుతుంది. పెద్ద చేపలు పట్టడం అయ్యాక, మోకాలి లోతు నీళ్ళు మిగిలినప్పుడు ఊరంతా దిగి చిన్న చేపలు పట్టుకోవడం కొన్ని ఊళ్ళలో ఆనవాయితీ. ఆ రోజు ప్రతి పొయ్యి మీదా పులుసే. మిగిలినవి ఉప్పు రాసి ఎండేస్తారు.

సంఘం లెక్కలు కూడా ఆ వారంలోనే తేలుతాయి. వాటాలు పంచేముందు వచ్చే ఏటి పిల్లలకు ఎంత కావాలో అంత పక్కన తీసి సంఘం పేరున బ్యాంకులో వేయాలి. ఉచిత పిల్లలు వస్తే ఆ డబ్బు మిగులుతుంది. ఆలస్యంగా వచ్చినా, రాకపోయినా, చెరువు నిండిన వారంలోనే సొంతంగా తెచ్చుకోవచ్చు. పిల్లల్ని నెల రోజులు ఆలస్యంగా వదిలితే ఆ నెల ఎదుగుదల పోయినట్టే. ఎండాకాలం ఎవరి కోసమూ ఆగదు కదా.