తెలుగు పరిశోధకునికి అనువైన పరికరం: టాబ్లెటా, తేలిక ల్యాప్‌టాపా?

వ్యాససంగ్రహం

తెలుగు శాఖల్లో పరిశోధనకు చేరేవారిలో చాలామంది ఒక పరికరాన్ని మాత్రమే కొనగలరు. అది టాబ్లెట్ కావాలా, తేలికపాటి ల్యాప్‌టాప్ కావాలా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశోధనలోని మూడు పనుల ఆధారంగా పరిశీలిస్తుంది. అవి పఠనం, లేఖనం, సిద్ధాంతగ్రంథ నిర్మాణం. ఇక్కడ టాబ్లెట్ అంటే ఆండ్రాయిడ్ టాబ్లెట్ లేదా ఐప్యాడ్. విండోస్‌తో నడిచే టాబ్లెట్లను సాఫ్ట్‌వేర్ దృష్ట్యా ల్యాప్‌టాప్‌ల కోవలోనే చూడాలి.

కీలకపదాలు: టాబ్లెట్, ల్యాప్‌టాప్, యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్, సిద్ధాంతగ్రంథం, శోధ్‌గంగ.

1. ప్రవేశిక

పరికరం ఎంపికలో సాధారణంగా ధర, బరువు, బ్యాటరీ ముందుగా చర్చకు వస్తాయి. తెలుగు పరిశోధకుని అవసరాలు వీటితో తీరవు. అతడు పాత ముద్రిత గ్రంథాల స్కాన్ ప్రతులు చదవాలి. సంయుక్తాక్షరాలు నిండిన వచనాన్ని వందల పుటలు టైపు చేయాలి. చివరకు దాన్ని అధోజ్ఞాపికలతో, ఉపయుక్తగ్రంథసూచితో విశ్వవిద్యాలయానికి సమర్పించాలి. ఒక పనికి అనువైన పరికరం మరో పనికి అడ్డుకావచ్చు.

2. పఠనం: పుట కొలత, తెర కొలత

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఎన్నో నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. ఇవి పుటల ఛాయాచిత్రాలు కనుక అక్షరాన్ని పెంచితే వాక్యం తెర వెడల్పుకు తగినట్లు సర్దుకోదు. పుట మొత్తం ఒకేసారి కనిపించడం ఇక్కడ ముఖ్యం.

తెలుగు పుస్తకాలకు పరిచితమైన 1/8 డెమ్మీ పుట సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాని కర్ణం దాదాపు 10.1 అంగుళాలు. కాబట్టి నిలువుగా పట్టుకున్న 11 అంగుళాల టాబ్లెట్‌లో ఆ పుట అసలు పరిమాణంలోనే ఇముడుతుంది. 16:9 నిష్పత్తి గల 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు సుమారు 6.9 అంగుళాలే. అందులో అదే పుటను పూర్తిగా చూడాలంటే ఐదింట నాలుగు వంతులకు కుదించాలి. ఎ4 పుటనైతే ఐదింట మూడు వంతులకు తగ్గించవలసి వస్తుంది. అరిగిన సీసపుటచ్చుల ముద్రణలో ఈ కుదింపు వల్ల ఒత్తులు, అరసున్నలు కంటికి ఆనవు. పఠనంలో టాబ్లెట్‌దే పైచేయి.

అయితే పుట అంచున కలంతో రాసుకున్న వ్యాఖ్యలు సాధారణంగా గీతలుగానే మిగులుతాయి. మూడేళ్ల తరువాత వాటిని మాటతో వెతికి పట్టుకోవడం కష్టం.

3. లేఖనం: కీబోర్డు, లిపి

తెర మీది కీబోర్డు అడ్డంగా పట్టిన టాబ్లెట్‌లో దాదాపు సగం స్థలాన్ని ఆక్రమిస్తుంది. మూలాన్ని, రాతప్రతిని పక్కపక్కన ఉంచి పాఠాన్ని సరిచూడటం అప్పుడు దుర్లభం. మరొక చిక్కు పదసూచనలది. పూర్వగ్రంథం నుంచి ఉదాహరిస్తూ ‘వఱకు’ అని రాస్తే ‘వరకు’ అని, ‘చూచి’ అని రాస్తే ‘చూసి’ అని మారిపోయే ప్రమాదం ఉంది. పాఠపరిష్కరణలో ఇది చిన్న దోషం కాదు.

1991 నాటి భారతీయ ప్రమాణంలో చోటుచేసుకున్న ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. వేళ్లకు అలవాటైతే చూపు మూలగ్రంథం మీదే నిలుస్తుంది. దీనికి మీటలున్న కీబోర్డు అవసరం. టాబ్లెట్‌కు బయటి కీబోర్డు జతచేయవచ్చు గాని, దానితో తెలుగు అమరిక సక్రమంగా పనిచేస్తుందో లేదో కొనకముందే పరీక్షించాలి.

ఖతుల పరీక్ష కూడా తప్పనిసరి. శాసనాలలో కనిపించే ‘ఴ’ యూనికోడ్‌లోకి 2014లో మాత్రమే వచ్చింది. పాత ఖతులున్న పరికరంలో దాని చోట ఖాళీ గడి కనిపించవచ్చు.

4. సిద్ధాంతగ్రంథ నిర్మాణం

అసలు నిర్ణయం ఇక్కడ జరుగుతుంది. ఆధారాలను సేకరించే జొటేరో ఉపకరణం టాబ్లెట్‌లోనూ ఉంది. కానీ వర్డ్ పత్రంలో ఆధారాలను చేర్చి గ్రంథసూచిని తయారుచేసే దాని అనుబంధం కంప్యూటర్‌లోనే నడుస్తుంది. వర్డ్‌లోని మాక్రోలు కూడా ఆండ్రాయిడ్‌లోను, ఐప్యాడ్‌లోను పనిచేయవు.

తెలుగు పరిశోధనకు ప్రత్యేకమైన కారణం మరొకటి ఉంది. అను ఖతులలో, పేజ్‌మేకర్‌లో తయారైన పాత వ్యాసాలు, గ్రంథాల ఫైళ్లు పర్యవేక్షకుల వద్ద, ముద్రాపకుల వద్ద నేటికీ ఉన్నాయి. ఈ ఖతులలో తెలుగు అక్షరరూపాలు రోమన్ అక్షరాల సంకేతస్థానాలలో అమరి ఉంటాయి. అందువల్ల కంటికి ‘నన్నయ’ అని కనిపించినా వెతుకులాటలో అది దొరకదు. ఇటువంటి ఫైళ్లను తెరవడానికి, యూనికోడ్‌కు మార్చడానికి, మార్పిడిలో దొర్లిన తప్పులను సరిదిద్దడానికి కంప్యూటరే ఆధారం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు సమర్పించాలి. శోధ్‌గంగలో చేరిన గ్రంథం యూనికోడ్‌లో లేకపోతే అందులోని తెలుగు మాటలు శోధనకు అందవు. ఏళ్ల తరబడి చేసిన కృషి అందుబాటులో ఉండి కూడా తరువాతి పరిశోధకుని కంటబడకపోవడం చిన్న నష్టం కాదు.

5. బరువు, వ్యయం

11 అంగుళాల టాబ్లెట్ దాదాపు అరకిలో బరువుంటుంది. తేలిక ల్యాప్‌టాప్‌లు సుమారు ఒక కిలో నుంచి కిలోన్నర లోపు ఉంటాయి. టాబ్లెట్‌కు కీబోర్డు తొడుగు, కలం చేర్చినప్పుడు బరువులోని తేడా బాగా తగ్గుతుంది, వ్యయమూ పెరుగుతుంది. కాబట్టి పోల్చవలసింది విడి టాబ్లెట్‌ను కాదు, ఈ సరంజామా మొత్తాన్ని.

6. ముగింపు

ఒకే పరికరం కొనగలిగిన పరిశోధకునికి తేలిక ల్యాప్‌టాప్ సముచితం. పఠనంలో దాని లోపాన్ని తెరను నిలువుగా తిప్పి చూడటం ద్వారా, గ్రంథాలయంలోని పెద్ద తెరల ద్వారా కొంత పూరించుకోవచ్చు. సిద్ధాంతగ్రంథ నిర్మాణంలో టాబ్లెట్ లోపాన్ని పూరించుకోవాలంటే చివరకు మరొకరి కంప్యూటర్‌నో, డి.టి.పి. కేంద్రాన్నో ఆశ్రయించక తప్పదు. అప్పుడు గ్రంథం ఏ ఖతిలో, ఏ సంకేతపద్ధతిలో రూపొందాలన్న నిర్ణయం పరిశోధకుని చేయిదాటిపోతుంది. ఇప్పటికే కంప్యూటర్ ఉన్నవారికి, తాళపత్రాల ఛాయాచిత్రాలు, స్కాన్ ప్రతులు నిరంతరం చదివేవారికి టాబ్లెట్ మంచి తోడు. పర్యవేక్షకులు ఈ వివేచనను పరిశోధన ప్రారంభంలోనే విద్యార్థులకు అందించడం మేలు. సమర్పణ గడువు ముంచుకొచ్చాక తెలిసినా ప్రయోజనం స్వల్పం.