తెరమీది సముద్ర పటము

దూరసముద్రయానమునకు ఎలక్ట్రానిక్ పటములను ఎన్నుకొనువారు తెర సొగసును గాక, ఆ పటము ఏమి దాచునో ముందు విచారింపవలెను.

రాస్టర్ పటము కాగితపు పటమునకు నకలు; అందున్న గుర్తులన్నియు ఇందును ఉండును. వెక్టర్ పటము బిందువులతో, రేఖలతో కూర్చిన సమాచారము. విశాలప్రాంతమును ఒక్కసారిగా తెరపైకి తెచ్చినచో చిన్న వివరములు వాటంతట అవే తొలగిపోవును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. 2014 నవంబరు 29వ తేదీ రాత్రి, వోల్వో ఓషన్ రేసు పందెమున వెస్టాస్ విండ్ అను నౌక మారిషస్‌కు ఈశాన్యముగానున్న కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బ నెక్కెను. దిబ్బ వారి పటములో లేకపోలేదు. తెరపై తగినంత పెద్దది చేసి చూడనందున దాని ప్రమాదము తెలియలేదు. నౌకలోని తొమ్మండుగురును బ్రతికి బయటపడిరి.

కనుక కొనుటకు ముందే మీ మార్గములోని దీవులను, దిబ్బలను ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూడుడు. ఏ స్థాయిలో ఏది మాయమగునో తెలియును. సర్వే ఏనాటిదో కూడ అడుగుడు. పసిఫిక్‌లో కొన్నిచోట్ల లోతులు పంతొమ్మిదవ శతాబ్దమున సీసపు గుండును త్రాటితో దింపి కొలిచినవే. ఉపగ్రహము నౌక ఉనికిని కొద్ది మీటర్ల తేడాతో చెప్పును. పాత పటములో దీవియే స్థానము తప్పి యుండవచ్చును! సవరణలు క్రమముగా అందునో లేదో చూచుకొని, రెండవ యంత్రములో మరొక ప్రతిని, దానితోపాటు విద్యుత్తు అక్కరలేని కాగితపు పటములను కొన్నింటిని వెంట నుంచుకొనుడు.