సంపాదకుడికి ముందు ఒక ఉత్తరం

"ఇదీ ఒక వ్యాసమేనా?" అని ఇంట్లోవాళ్ళు నవ్వుతారేమోనని, రాసిన కాగితాలు బియ్యం డబ్బా వెనక దాచే సోదరీమణులు మనలో ఎందరో! నేనూ దాచినదాన్నే. చివరికి ధైర్యం చేసి సంక్రాంతి ముగ్గుల మీద పది పేజీలు పంపితే, అవి భోగికి రెండ్రోజుల ముందు పత్రికాఫీసు చేరాయి. అలాగే తిరిగొచ్చాయి. ఏడ్చాను. తప్పు రాతలో కాదు, పంపడంలో ఉందని తర్వాత తెలిసింది.

పండుగ సంచిక వారాల ముందే సిద్ధమవుతుంది. కనుక రెండు నెలల ముందే, వ్యాసమంతా కాకుండా, చిన్న ఉత్తరం రాయాలి. ఇప్పుడైతే ఈమెయిలు చాలు.

"ఆవకాయ గురించి రాస్తాను" అంటే అది విషయం మాత్రమే. "ఎండ పడని ఫ్లాటులో ఆవకాయ బూజు పట్టకుండా ఎలా? పదేళ్ళుగా పెడుతున్నాను. తడి తగలనివ్వకపోవడం, ముక్కల పైకి నూనె తేలేలా చూడడం ముఖ్యం. 500 మాటల్లో, వారంలో ఇస్తాను" అనండి. అది ఆలోచన! ఎవరికోసమో, మీరే ఎందుకు రాయాలో సంపాదకుడికి ఇట్టే తెలుస్తుంది.

ముందుగా ఆ పత్రిక నాలుగు సంచికలు తిరగేయండి. మొన్న వేసిందే మళ్ళీ వేయరు. ఒకే ఆలోచన ఒకేసారి ఇద్దరికి పంపకండి. జవాబు రాకపోతే మూడు వారాలాగి, మర్యాదగా గుర్తుచేయండి. ఒప్పుకుంటే పారితోషికం ఎంతో అడగండి, మొహమాటం వద్దు. కాదంటే మరో పత్రిక ఉంది.

మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు నడిపిన 'ప్రమదావనం'కు మన ఇళ్ళ సంగతులూ, మన సందేహాలే కదా సరుకు! మరి ఆ కాగితాలు బయటికి తీస్తారు కదూ?